ఇరవై నిమిషాల నెత్తురు

ప్రేమదాసు చావకూడదని ఎంకపల్లి మొత్తంలో అందరికంటే గట్టిగా కోరుకున్నది రాధమ్మే. అభిమానంతో కాదు. చస్తే వాడు మహానుభావుడైపోతాడు. ఫ్లెక్సీ కడతారు, దండ వేస్తారు. ఆ భాగ్యం వాడికి దక్కనివ్వకూడదు.

మూడేళ్ల కింద పూలతోటలో ఆమె భర్త బాల్‌రాజ్‌ను రక్తపింజర కరిచింది. పాముకాటుకు మంత్రం వేసే ప్రేమదాసు కాటు మీద గాటు పెట్టి, వేపరెమ్మ ఊపుతూ కూర్చున్నాడు. నెత్తురు ఆగలేదు. "కారనియ్యి చెల్లె, విషం పోతున్నది" అన్నాడు. మధ్యాహ్నానికి చిగుళ్ల నుంచి కూడా కారింది. "ఇంకా మంచిదే" అన్నాడా మహాజ్ఞాని. మర్నాటికి బాల్‌రాజ్ పోయాడు.

తర్వాత రాధమ్మ చేవెళ్లలో ఒక దవాఖానలో ఆయమ్మగా చేరింది. పింజర విషంలోని ఎంజైములు నెత్తురు గడ్డకట్టడానికి కావలసిన సరుకునంతా ఒంట్లోనే తగలేస్తాయని, ఆ తర్వాత సూది గుచ్చినచోట కూడా నెత్తురు ఆగదని డాక్టరమ్మ మేఘ నోట విన్నది. విన్ననాడు బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చింది. ఆనాడు కారింది విషం పోయి కాదు, విషం పనిచేసి.

ఒకనాడు పొద్దున అదే దవాఖానకు ప్రేమదాసునే మోసుకొచ్చారు. గడ్డివాములో చెయ్యి పెడితే పింజర కాటేసింది. తన చేతికి తానే గాటు పెట్టుకున్నాడు. పాపం, వైద్యంలో నిజాయితీ ఉన్నది. మేఘ అతని నెత్తురు గాజు గొట్టంలో పోసి నిలబెట్టింది. ఇరవై నిమిషాలు కదపకూడదు, తర్వాత వంచితే గడ్డకట్టి ఉండాలి.

ఆ ఇరవై నిమిషాలూ రాధమ్మ మంచం పక్కనుంచి కదలలేదు. మేఘ గొట్టం వంచింది. నెత్తురు నీళ్లలా జారింది.

"ఏమైంది చెల్లె?" అన్నాడు ప్రేమదాసు.

"మా ఆయనకైనట్టే అయింది. విషం పోతున్నదన్నవు చూడు, గదే."

వాడి మొహం పాలిపోయింది. రాధమ్మకు కడుపు చల్లబడింది. విషానికి విరుగుడు మందు ఎక్కిస్తుంటే, "జర మంచిగ బతికియ్యండి మేడం" అని మేఘను మూడుసార్లు అడిగింది.

ఆరో రోజు ప్రేమదాసు లేచి కూర్చుని చేతులు జోడించాడు. "మాఫ్ చెయ్యి చెల్లె."

"చెయ్య. రేపు ఊరికి పోయినంక మా ఇంటి ముంగట నిలవడి, బాల్‌రాజ్‌ను నేనే సంపిన అని అందరు వినంగ చెప్తవు."

"అది చెప్పినంక ఎట్ల బతకాలె?"

"నేను బతుకుతలేనా?" అన్నది రాధమ్మ.