అత్త ఇచ్చిన హామీ

పోయిన మంగళవారం పొద్దున్న క్లాసులో పిల్లల చేత బోర్డు మీద అక్షరాలు రాయిస్తుండగా వదిన, మా మేనత్త కూతురు, ఫోను చేసింది. "అమ్మ ఎల్లిపోయిందిరా" అంది. నిద్రలోనే పోయిందట, ఎవరినీ లేపలేదట. వస్తున్నానని చెప్పి ఫోను పెట్టేశాను. తర్వాత ఏం చేశానో చెబితే మీరు నన్ను ఏమనుకుంటారో గానీ, లోపలికి వెళ్లి మిగిలిన పది నిమిషాల పాఠం పూర్తి చేశాను. పిల్లలకు ఏమీ తెలియలేదు. ఏదీ పైకి తెలియనివ్వకుండా నడిపించుకు రావడంలో నాకు చాలా కాలం నుంచి అలవాటుంది. ఆ అలవాటు గురించే ఈ నాలుగు మాటలు.

నేను విశాఖపట్నంలో జపనీస్ భాష చెబుతాను. జపాన్ విశ్వవిద్యాలయాల్లో విదేశీ విద్యార్థుల కోసం కోర్సులు ఉంటాయి. వాటికి వెళ్లాలనుకునే పిల్లలు నా దగ్గరికి వస్తారు. ఏ కోర్సుకు ఏ కాగితం కావాలో, ముందు ఏడాది భాష నేర్చుకోవాలో, నేరుగా చేరవచ్చో చెబుతాను. "మీరు ఎలా వెళ్లారు సార్?" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. "కష్టపడి" అని చెబుతూ వచ్చాను. కష్టపడింది మా మేనత్త. ఆవిడ బతికుండగా ఈ మాట నలుగురిలో అనలేకపోయాను.

తొంభైల మొదట్లో మేం బహ్రెయిన్‌లో, బుసైతీన్‌లో ఉండేవాళ్లం. నాన్న ఒక గోడౌనులో స్టోర్‌కీపరు. అత్త ఆయనకు అక్క. కోనసీమలో మామయ్య పోయాక, వదినను నాయనమ్మ దగ్గర వదిలి ఇంటిపనికి గల్ఫ్ వచ్చింది. రెండు మూడు ఇళ్లు మారి, చివరికి బుదైయాలో ఒక జపాన్ ఇంజనీరు ఇంట్లో వంటకు కుదిరింది. ఆ ఇంటావిడను అత్త 'జపానమ్మ' అనేది. ఇద్దరూ ఏ భాషలో మాట్లాడుకునేవారో దేవుడికే తెలియాలి. కాస్త అరబ్బీ, కాస్త హిందీ, కాస్త ఇంగ్లీషు, మిగతాది చేతులు.

శుక్రవారం సెలవు. అత్త మా ఇంటికి వచ్చేది. గుమ్మంలో చెప్పులు విడిచి, వాటిని బయటి వైపు తిప్పి పెట్టేది. తనవి అయ్యాక మావి కూడా వరసగా తిప్పి పెట్టేది. అమ్మ నవ్వి, "జపాను దొరసాని దిగింది, లేచి నిలబడండి" అని ఆటపట్టించేది. ఒకసారి నల్లటి రేకుల్లాంటివి తెచ్చి అన్నంలో చుట్టి తినమంటే కార్బన్ పేపరు అనుకున్నాం. అవి సముద్రపు నాచట. బదులుగా అత్త వాళ్ల పెరట్లో గోంగూర వేసి, ఆ దొరగారి చేత పప్పులో కలిపి తినిపించింది. ఇచ్చిపుచ్చుకోవడం అంటే అదేనని ఆవిడ లెక్క.

ఆ ఇంటి గురించి అత్త మళ్లీ మళ్లీ చెప్పే సంగతి ఒకటుండేది. సాయంత్రం నాలుగింటికి జపానమ్మ టీ పెట్టి, టేబులు దగ్గర కుర్చీ లాగి, ఎదురుగా అత్తను కూర్చోబెట్టేదట. "ఇన్ని ఇళ్లల్లో చేశాను గానీ, నన్ను కూకోమన్న ఇల్లు ఇదొక్కటేరా" అనేది అత్త. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ నడుం కాస్త నిటారుగా అయ్యేది.

నా ఇంటరు చివరి ఏడాది. ఒక శుక్రవారం అత్త ప్లాస్టిక్ సంచిలో దిండంత పుస్తకం మోసుకొచ్చింది. అలమర తుడుస్తుంటే, అట్ట మీద మనలాంటి మొహాలు, ఆఫ్రికా వాళ్ల మొహాలు కనబడ్డాయట. ఇదేంటని జపానమ్మను అడిగితే, జపాన్‌లో బయటి దేశాల పిల్లలు చదువుకునే కోర్సుల పుస్తకమని చెప్పిందట. పన్నెండేళ్ల స్కూలు చదువు ఉంటే ముందు ఒక ఏడాది భాషా కోర్సు, తర్వాత ప్రవేశ పరీక్ష, ఆపైన అసలు డిగ్రీ. ఇంగ్లీషు పేజీలన్నీ నేను వారం రోజుల్లో నమిలేశాను. ఒక షరతు దగ్గర మాత్రం ఆగిపోయాను. జపాన్‌లో ఉండే మనిషి ఎవరో ఒకరు హామీదారుగా సంతకం పెట్టి, పక్కన విద్యార్థికి తను ఏమవుతాడో రాయాలి. విద్యార్థి తప్పు చేస్తే ఆ మనిషే జవాబు చెప్పుకోవాలి.

నాన్న పుస్తకం మూసేశాడు. "జపాన్‌లో మనకెవరున్నారు?" అన్నాడు.

"నేనున్నాను గదా" అంది అత్త, బుదైయా నుంచి వచ్చి మా వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ.

జపానమ్మ పెద్దన్నగారు ఏదో చిన్న ఊళ్లో బడిపంతులు. హామీ అనేది అక్కడ అన్నదమ్ములు కూడా ఒకరికొకరు వెనకాడి ఇచ్చేదట. జపానమ్మ నన్ను చూడలేదు, నా మార్కుల కాగితాలు అడగలేదు. పిల్లవాడు ఎలాంటివాడని అత్తను అడిగింది. మాట తప్పడు అని అత్త చెప్పింది. ఆ మాట మీద జపానమ్మ అన్నకు రాసింది. ఆవిడ మాట మీద ఆయన సంతకం పెట్టాడు. ఒకరి మాట మీద ఒకరి మాట, అన్నిటికీ అడుగున అత్త. బయల్దేరే ముందు నాకు ఒక్కటే చెప్పింది. "అక్కడ హామీ ఇచ్చారంటే పిల్లనిచ్చినట్టేనంటరా. ఆళ్ల ఇంటి పరువు నీ చేతిలో ఉంది." ముహర్రక్ బజారులో కొన్న హల్వా డబ్బా ఒకటి నా పెట్టెలో సర్ది, చేరిన వారంలోగా ఆ పంతులుగారికి ఇచ్చి దండం పెట్టి రమ్మంది.

ఇక నా ఘనకార్యం.

బహ్రెయిన్‌లో మా స్కూల్లో నేను ఫస్టు. ఆ కోర్సులో చేరిన మొదటి రోజే పరీక్ష పెట్టి, నన్ను అన్నిటికన్నా కింది తరగతిలో వేశారు. చైనా, కొరియా పిల్లలు సగం అక్షరాలు ముందే తెలిసి వచ్చినవాళ్లు. రోజూ పొద్దున్నే పది అక్షరాల పరీక్ష ఉండేది, మార్కులు పైకి చదివేవారు. నా మార్కులు చదివేటప్పుడు టీచరు గొంతు తగ్గించేది. ఆ జాలి నేను భరించలేకపోయాను. ఒక రోజు మానేశాను. మర్నాడు మానడం ఇంకా సులువైంది. స్టేషను పక్కన పెద్ద దుకాణంలో టీవీలు అమ్మే అంతస్తులో నిలబడి పొద్దు గడిపేవాణ్ని. పంతులుగారి ఊరు రైల్లో మూడు గంటలు. వెళితే చదువెలా ఉందని అడుగుతాడని వెళ్లలేదు. హల్వా రూములో ముగ్గురం కలిసి స్పూన్లతో తినేశాం.

అత్తకు మాత్రం ఉత్తరాలు తప్పలేదు. ఎలా రాసేవాణ్నంటే, తరగతిలో నేనే మొదటివాణ్నని, టీచరు నన్ను మెచ్చుకుంటోందని, పంతులుగారు హల్వా తిని చాలా బాగుందన్నారని. ఒక అబద్ధానికి ఇంకో అబద్ధాన్ని కాపలా పెడుతూ పోయాను.

మూడో నెలలో విదేశీ విద్యార్థుల ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. వెళ్లేసరికి నెరిసిన జుట్టు, పాత కోటుతో ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. ఆయనే నా హామీదారు. అప్పటిదాకా మేం ఒకరినొకరం చూసుకోలేదు. కౌంటరు వెనక గుమాస్తా ఆయన దగ్గర చదువుకునే వయసువాడు. ఆ కుర్రవాడి ముందు ఆయన నడుం దాకా వంగి, నా తరఫున క్షమాపణ చెప్పాడు. వెంటనే లేవలేదు. నేను పక్కనే కొయ్యలా నిలబడ్డాను.

తర్వాత నన్ను వీధి చివర నూడుల్స్ కొట్టుకు తీసుకెళ్లాడు. చదువు ఊసు ఎత్తలేదు. మీ అత్తగారు కులాసాయేనా అని అడిగాడు. నాకు అర్థమయ్యేలా నిదానంగా, చిన్న చిన్న మాటల్లో, "మీ అత్తగారు మిఠాయి పంపారని మా చెల్లెలు రాసింది. నా కృతజ్ఞతలు చెప్పండి" అన్నాడు. ఆయనకు చేరని మిఠాయికి ఆయన కృతజ్ఞత. గిన్నెలోంచి తల ఎత్తలేకపోయాను.

మర్నాటి నుంచి క్లాసుకు వెళ్లాను. కింది తరగతిలోనే కూర్చుని, కిందా మీదా పడి కోర్సు ముగించాను. డిగ్రీ ప్రవేశ పరీక్ష తప్పాను. నాకు వచ్చిన చదువల్లా ఆ ఏడాది భాషే. దానితోనే ఇవాళ్టికీ తింటున్నాను. అత్తకు మాత్రం నిజం రాయలేదు. ఇప్పుడు బుద్ధిగా చదువుతున్నాను గదా, పాతవి తవ్వడం ఎందుకని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

తిరుగు ప్రయాణంలో బహ్రెయిన్‌లో దిగితే, అత్త బుదైయాలో లేదు. గలాలీలో ఒక పెద్ద ఇంట్లో చేస్తోందన్నాడు నాన్న. పన్నెండుమంది మనుషులు, మూడు పూటలా వండి వార్చే పని. ఎందుకు మారిందని అడిగితే, "నువ్వు మాత్రం ఆ మాట అడక్కు" అన్నాడు. నేను అడగలేదు. అడగకపోవడం నాకు హాయిగా ఉంది. అదీ రాస్తున్నాను, దాచడం ఎందుకు.

గలాలీ ఇంటి వెనక గేటు దగ్గర పది నిమిషాలు నిలబడి మాట్లాడింది. చేతులు సబ్బునీళ్లకు పగిలి ఉన్నాయి. చిక్కిపోయావంది. జపాన్ గురించి ఒక్క ముక్క అడగలేదు. లోపల్నుంచి ఎవరో కేక వేస్తే "యల్లా, యల్లా" అంటూ వెళ్లిపోయింది.

సంగతంతా ఆవిడ నోటి నుంచి వినడానికి నాకు పదిహేనేళ్లు పట్టింది. అప్పటికి ఊళ్లో స్థిరపడింది. ఒకనాడు చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఎవరి కథో చెబుతున్నట్టు చెప్పింది. నా ఉత్తరం వచ్చినప్పుడల్లా నాలుగింటి టీ దగ్గర జపానమ్మకు వినిపించేదట. "మై బాయ్, నంబర్ వన్" అని వేలెత్తి చూపించేదట. జపానమ్మ వింటూ తల ఊపేదట. నాలుగో ఉత్తరం నాటికి అత్తకు ఏదో అనుమానం తగిలి, మీ అన్నగారు ఏమంటున్నారని గట్టిగా అడిగింది. జపానమ్మ లోపలికి వెళ్లి ఒక కాగితం తెచ్చింది. కోర్సు హాజరు పట్టీ నకలు. వచ్చిన రోజుకు సున్నా, రాని రోజుకు ఇంటూ మార్కు. అత్తకు తెలుగు అక్షరాలు తప్ప వేరే చదువు రాదు. కానీ ఆ పేజీ చదవడానికి చదువు అక్కర్లేదు.

"ఆవిడకి ముందే తెలుసురా" అంది అత్త. "రెండు నెలల్నించీ తెలుసు. నేను గొప్పలు చెప్తంటే, నన్ను చిన్నబుచ్చలేక వింటా కూకుంది."

జపానమ్మ వెళ్లొద్దని బతిమాలిందట. కానీ ఆ కుర్చీలో మళ్లీ కూర్చోవడం అత్త వల్ల కాలేదు. నెల తిరక్కుండా వేరే ఇల్లు చూసుకుంది. గలాలీ ఇంట్లో ఆరేళ్లు చేసింది. అక్కడ ఆవిడను ఎవరూ కూర్చోమనలేదు.

నేను అప్పుడైనా కాళ్ల మీద పడి ఉండాల్సింది. చిక్కుడుకాయలు ఒలవడంలో సాయం చేశాను.

ఈ వేసవిలో వదిన కబురు చేస్తే వెళ్లాను. అత్త మంచం పట్టింది, గొంతు సన్నబడింది. జపానమ్మకు ఒక ఉత్తరం రాసిపెట్టమంది. ఇన్నేళ్లకు ఇప్పుడేంటత్తా అంటే, "ఆవిడ నాకన్నా చిన్నది, ఉండే ఉంటది" అంది. పంతులుగారి చిరునామా నాకు నోటికి వచ్చు. కోర్సు కాగితాల మీద ఎన్నిసార్లు నింపానో. ఆయన ఉన్నా లేకపోయినా ఆ ఇంట్లో ఎవరో ఒకరు చేరవేస్తారనుకున్నాం. అత్త తెలుగులో చెప్పింది, నేను జపనీస్‌లో రాశాను.

"అమ్మా, నేను బాగున్నాను. మా పిల్లోడి గురించి నీకు అప్పుడు చెప్పింది అబద్ధం కాదు. కాస్త ముందుగా చెప్పేశాను, అంతే. వాడిప్పుడు ఆ చదువే నలుగురికీ చెప్తన్నాడు."

అక్కడికి అయిపోయింది. నా కలం మాత్రం ఆగలేదు. ఆ ఇంటూ మార్కులన్నీ నావేనని రాశాను. హల్వా ఎవరు తిన్నారో రాశాను. మీ అన్నగారు నా కోసం వంగినప్పుడు నేను వంగలేదని, మీ టేబులు దగ్గర కుర్చీ ఈవిడకు నా వల్లే పోయిందని, ఈ మాట ముప్పై ఏళ్లుగా ఈవిడతో అనలేకపోయానని, ఇప్పుడూ ఈవిడ ఎదురుగానే కూర్చుని ఈవిడకు తెలియని భాషలో రాస్తున్నానని రాశాను. కాగితం రెండు వైపులా నిండింది.

అత్త కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "నేను చెప్పింది నాలుగు ముక్కలు గదరా. ఇంత పొడుగయ్యిందేంటి?"

"జపాను మాటలు పొడుగుంటాయత్తా" అన్నాను.

కాసేపు నా మొహంలోకి చూసింది. చదివి వినిపించమని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. కలం ఇమ్మని చెయ్యి చాపింది. వదిన కాగితం కింద కంచం బోర్లించి పట్టుకుంది. ఒక్కో అక్షరం ఆగి ఆగి రాసింది. తనకు ఒక్క ముక్క తెలియని ఆ రాత కింద పేరంతా రాసి, ఇంకా కలం వదలకుండా, ఆ పేరు పక్కనే తను నాకు ఏమవుతుందో కూడా రాసింది. మేనత్త.