నత్తలకు గంజి పోసిన వానాకాలం

ఆ రోజుల్లో నాకు ఇరవై ఏళ్లు. లోకంలో నాకంటే తెలివైనవాడు మా అన్న ఒక్కడేనని, అతనూ త్వరలోనే వెనకబడతాడని నమ్మేవాణ్ణి. సూరత్‌లో కోసాడ్ క్వార్టర్లలో అన్నావదినల దగ్గర ఉంటూ, అన్న పనిచేసే కార్ఖానాలోనే నాలుగు సాంచెలు నడిపేవాణ్ణి. ఆ మరమగ్గాల చప్పుడుకు అలవాటుపడి నిద్రలో కూడా అరిచి మాట్లాడేవాణ్ణట (వదిన చెప్పింది, ఆమె అబద్ధం చెప్పదు, కాస్త కలిపి చెబుతుంది). ఒకరోజు "ఇగ నేను సాంచె ముట్ట" అని ప్రకటించి, సముద్రం వైపున్న ఒక బొప్పాయి తోటలో, అక్కడే ఉండేలా, పనికి కుదిరాను. అన్న ఒకటే మాట అన్నాడు: "పోరా పో. మళ్ల వచ్చి నా ముంగట నిలవడకు."

తోట యజమాని గుజరాతీ పెద్దాయన, అందరికీ కాకా. తొలి వానలకు మట్టిలో పడుకున్న నత్తలన్నీ లేచాయి, ఒక్కొక్కటి పిడికిలంత. పగలంతా తడి ఆకుచెత్త కింద దాక్కుని, పొద్దుగూకగానే బయలుదేరి లేత మొక్కల బెరడు గీకి తినేవి. తెల్లారేసరికి మొక్క ఉండేది కాదు, మెరిసే జిగురు దారి మాత్రం ఉండేది. "ఎనిమిది రోజులు చూస్తా. మొక్కలు నిలిస్తే నువ్వూ నిలుస్తావు" అన్నాడు కాకా హిందీలో. ఉప్పు చల్లుదామంటే ఒప్పుకోలేదు. సముద్రం ఇప్పటికే ఆ నేలకు చాలినంత ఉప్పు పెట్టిందట. బకెట్ పట్టుకుని ఒక్కొక్కటే ఏరమన్నాడు.

నేత ఇంట్లో పుట్టినవాణ్ణి, ఏరుకుంటూ కూర్చుంటానా? మా నాయనమ్మ నూలుకు గంజి పెడితే పోగు తీగలా నిలబడేది. గంజి పెట్టిన గుడ్డను మొక్క మొదట్లో చొక్కా కాలర్‌లా బిగిస్తే నత్త ఎక్కలేదని తేల్చాను. అన్న ఇంట్లో లేని వేళ వెళ్లి వదిన దగ్గర పాత లుంగీలు తెచ్చి (వాటిలో అన్న పండుగ లుంగీ కూడా వచ్చేసిందని తర్వాత తెలిసింది) చింపి, నూకల గంజిలో ముంచి, వాన తెరిపిచ్చినప్పుడు ఎండబెట్టి, మొక్క మొక్కకూ కట్టాను. పండుగ లుంగీ పెద్ద ముక్క కాకా గుడిసె ముందరి మొక్కకు దక్కింది. సాయంత్రానికి తోటంతా బడికి తయారైన పిల్లల్లా కనిపించి ఎంత మురిసిపోయానో!

వానలో గంజి గుడ్డ ఏమవుతుందో నాయనమ్మ చెప్పలేదు. ఆమె వానలో నూలు ఆరేసేది కాదు కదా.

తెల్లారి చూస్తే ప్రతి కాలర్‌కూ నత్తలు గుత్తులుగా వేలాడుతూ నానిన గంజి తింటున్నాయి. పక్క అరటితోటవి కూడా వచ్చేశాయి. ఆ రైతు కంచె దగ్గర నిలబడి నాకు రెండు చేతులూ జోడించాడు. "అరే భాయ్, కాపలా కాయమంటే ఊరందరికీ విందు పెట్టావే!" అన్నాడు కాకా. తల దించుకుని అన్న ముందు నిలబడటం అప్పుడే కళ్లకు కట్టింది.

ఇంతలో కాకా వంగి ఒక మొక్కను చూశాడు. బెరడు మీద గీత కూడా లేదు. గంజి దొరికాక బెరడు ఎవరికి కావాలి! "గుడ్డలు విప్పి కంచె పొడుగునా నేలమీద పరుచు, రోజూ" అన్నాడు. నత్తలన్నీ అక్కడికే చేరేవి, పొద్దున్నే బకెట్లోకి ఎత్తేవాణ్ణి. అలా ఉద్యోగం నిలిచింది. గుడ్డ నుంచి పారిపోయి వచ్చినవాణ్ణి, ఆ వానాకాలమంతా గంజి కాచి గుడ్డలు పరిచాను.

వానలు ఆగాక నత్తలు మట్టిలోకి దిగి, గుల్ల మూతిని తెల్లటి పొరతో మూసుకుని పడుకున్నాయి. "మళ్లీ వానలకు రా" అని కాకా నన్ను పంపించేశాడు. పండుగ లుంగీలో మిగిలిన ముక్కను మడిచి పట్టుకుని కార్ఖానా గుమ్మంలో నిలబడ్డాను. అన్న దాన్ని విప్పి, చిల్లుల్లోంచి నన్ను చూశాడు.

"ఏందిరా గిది?"

"నత్తలు తిన్నయన్నా."

"మంచిగనే తిన్నయి. నీ నాలుగు సాంచెలు ఎవ్వలకు ఇయ్యనియ్యలే. నావి, నీవి నేనే నడుపుతున్న. రెక్కలు గుంజుతున్నయి, జర జల్ది రా."

నాకు కళ్లు నిండాయి. దూది దుమ్మని చెప్పాను. (ఆ కార్ఖానాలో దూది వాడరు, అంతా పాలిస్టర్ దారమే.) ఇప్పటికీ తొలి వాన పడితే, అన్నం వార్చుతూ వదిన నన్ను చూసి నవ్వుతుంది. ఆ ఇరవై ఏళ్ల తెలివైనవాణ్ణి తలుచుకుని నేనూ నవ్వుతాను. అన్న మాత్రం ఆ లుంగీ ముక్కను ఇంతవరకూ పారేయలేదు.