థిన్నర్ గుడ్డతో రుద్దిన ఐసీ

నా చిన్నప్పుడు ఒక ఆదివారం... అందరం ఉతికిన బట్టలు వేసుకుని ప్రార్థన మందిరానికి బయల్దేరితే, మా నాయిన గడప మీదే కూర్చుండిపోయాడు. "నేను రాను. మీరు నోర్లు ఆడిస్తరు, నేను సూస్కుంట కూసోవాల్నా?" అన్నాడు.

పటాన్‌చెరులో రేకులు వంచే ఫ్యాక్టరీలో ప్రెస్ మిషన్ ముందు నిలబడి నిలబడి ఆయన చెవులు పోయాయి. ఒకప్పుడు సంఘంలో పాట ఎత్తుకునేది ఆయనే... చెవులు పోయాక అనుమానం పెరిగింది. మేం నవ్వుకుంటే తనను చూసే నవ్వుతున్నామనుకునేవాడు.

మా అన్నకు ఒక ఆలోచన తట్టింది. చెవికి వినబడకపోతేనేం, ఒంటికి తెలుస్తుంది కదా... నాయిన కూర్చునే బల్ల కింద మోతకు అదిరే బాస్ డబ్బా పెడితే? చెక్క పెట్టె చేశాడు, పెద్ద స్పీకర్ బిగించాడు. ఇక దాన్ని మోగించే యాంప్లిఫయర్‌కు మంచి ఐసీ చిప్పు ఒకటి కావాలి.

రెండు దొరికాయి. ఒకటి అన్న నగరం నుంచి తెచ్చింది... నల్లగా నిగనిగలాడుతూ, తెల్లటి అక్షరాలతో. రెండోది మా గల్లీలో రేడియోలు బాగుచేసే యూసుఫ్ చాచా ఒక పాత సెట్టు నుంచి ఊడదీసి ఇచ్చింది. ఒళ్లంతా గీతలు, అరిగిన అక్షరాలు, కాళ్లకు పాత టంకం. రెండింటి మీదా ఒకటే నంబరు. అన్న పాతదాన్ని పక్కకు నెట్టేశాడు. ఊరికే ఎందుకిస్తాడని అమ్మకూ అనుమానమే.

నాయిన రెండింటినీ అరచేతిలో వేసుకున్నాడు. వాళ్ల ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒక పద్ధతి ఉండేది. కొత్త రేకు దిగితే ముందు రంగును కరిగించే థిన్నర్ గుడ్డతో రుద్దాలి... తుప్పు మీద రంగు కొట్టి పంపేవాళ్లుంటారు. అదే అలవాటుతో పాత బనియన్ ముక్కను థిన్నర్‌లో ముంచి కొత్త ఐసీ మీద రుద్దాడు.

అక్షరాలన్నీ గుడ్డకు అంటుకుని వచ్చాయి. అడుగున వేరే నంబరేదో గీకేసిన గుర్తు...

బైబిల్ వాక్యం చదివేవాళ్లకు తెలుసు. చేతులకు మేకపిల్ల తోలు చుట్టుకుని, నేనే నీ పెద్దకొడుకునని చెప్పి తండ్రి దీవెన కాజేసినవాడి సంగతి. చూపు పోయిన ఆ తండ్రి మోసపోయాడు. చెవులు పోయిన మా నాయిన పోలేదు.

వినబడదు కదా అని అన్న గొణిగాడు. "అక్షరాలు పోతే ఏమైతది, అక్షరాలు పాడ్తయా?"

నాయిన పెదవులు చూసి పట్టేశాడు. "మంచిదే అయితే పాత పేరు గీకుడెందుకురా?"

చాచా ఇచ్చినదాన్నీ వదల్లేదు. రుద్దాడు. అరిగిన అక్షరాలు అరిగినట్టే ఉన్నాయి. అయినా నమ్మకం కుదరక చాచానే పిలిపించాడు. ఆయన సీరీస్ బోర్డు పట్టుకొచ్చాడు... కరెంటు ముందు ఒక బల్బులోంచి పోయి తర్వాత యాంప్లిఫయర్‌లోకి వెళ్తుంది. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలిగి చెప్పేస్తుంది.

"నా మీద గూడ అనుమానమేనా భాయ్?" అన్నాడు చాచా, నాయినకు ఎదురుగా కూర్చుని.

"నా మీద నాకే ఉన్నది... నీదేం లెక్క?"

కొత్తది అతికిస్తే బల్బు భగ్గున వెలిగి అలాగే ఉండిపోయింది. దాన్ని ఊడదీసి పాతది పెడితే ఒక్కసారి మెరిసి సన్నబడింది. అన్న పాతదాన్నే ఉంచి యాంప్లిఫయర్ మూత బిగించాడు.

ఆ వచ్చే ఆదివారం ఎట్లాగో బతిమాలి నాయినను తీసుకెళ్లాం. ఢోలక్ మోత మైకులోంచి బల్ల కింది డబ్బాలోకి పోయేలా అన్న తీగ లాగి పెట్టాడు. పాట మొదలైంది. నాయిన ఉలిక్కిపడి కిందికి వంగాడు.

"ఎవడు తంతుండు బల్లను?" అని అందరి మధ్యలో గట్టిగా అడిగాడు. తనను సంతోషపెట్టడానికి మేమే తంతున్నామని అనుమానం. నా రెండు కాళ్లూ ఎత్తి బల్ల మీద పెట్టించాడు. బల్ల అదురు ఆగలేదు. అప్పుడు డబ్బా మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

దెబ్బను బట్టి పాట పట్టేశాడు. ఎత్తుకున్నాడు కూడా... మేమంతా రెండో చరణంలో ఉంటే ఆయన పల్లవిలో ఉన్నాడు. ఢోలక్ వాయించే పెద్దాయన చెయ్యి ఆపకుండానే మాకు కనుసైగ చేశాడు. సంఘమంతా పల్లవికి తిరిగొచ్చింది.

ఆ తర్వాత నాయిన ఏ ఆదివారమూ మానలేదు. కూర్చునే ముందు బల్ల కిందికి చూడటమూ మానలేదు...

ఇప్పుడు తెల్లాపూర్ ఫ్లాట్లలో ప్రార్థనకు, వాక్యం చెప్పమని నన్ను పిలిస్తే మనిషంత స్పీకర్లు చూస్తున్నాను. విప్పి చూద్దామంటే ఒక్క స్క్రూ కనబడదు. ఫోన్లో బోధించేవాళ్లూ అంతే, పైన అక్షరాలు ధగధగ. రుద్ది చూడటానికి ఎవరూ గుడ్డ తీయరు! నన్నూ ఊరికే నమ్మకండి ప్రియులారా... నా మాటనూ వాక్యంతో రుద్ది చూడండి.

మీ ఇంట్లోనూ అలా రుద్ది రుద్ది చూసి చివరికి నమ్మిన వస్తువో, మనిషో ఉంటే కింద రాయండి. చదువుతాను.

మా మందిరానికీ కొత్త స్పీకర్లు వచ్చాయి, గోడకు బిగించారు. కూర్చునే ముందు నేను ఇప్పటికీ నాయిన కూర్చున్న ఆ బల్ల కిందికి వంగి చూస్తాను... ఊడ్చిన నేల తప్ప ఏమీ ఉండదు.