సాఫీ అనే చేప

మా ముదీర్, అంటే మేనేజరు, కెనడాలో మూడేళ్లు ఉండి దుబాయ్ వచ్చాడు. ఆ మూడేళ్లలో ఏం పని చేశాడో మాకెవరికీ తెలియదు కానీ, ఏం చేప పట్టాడో ఆఫీసులో అందరికీ తెలుసు. దాని పేరు క్రాపీ. మొదటిసారి విన్నప్పుడు క్షవరం సంగతేదో చెబుతున్నాడనుకున్నాను. చలికాలంలో చెరువు గడ్డకడితే దాని మీద నడిచివెళ్లి, మంచుకు బొక్క పెట్టి, చీకట్లో దీపం పెట్టుకుని, బోర్లించిన బకెట్ మీద కూర్చుని గాలం వదులుతారట. వెలుతురుకి క్రాపీ వస్తుందట. ఎంత ఉంటుంది సార్ అంటే అరచెయ్యి చూపించాడు. కొండను తవ్వి ఎలుకను పట్టడం ఉత్త సామెత అనుకున్నాను. పట్టినవాణ్ణి కళ్లారా చూడటం అదే మొదలు.

ఆ కోతలు విని ఊరుకునేవాణ్ణే, కానీ నాకు ఆయనతో పని పడింది. కరీంనగర్‌లో నా భార్యకు నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు. నొప్పులొచ్చేసరికి పక్కనుంటానని మాటిచ్చాను. సెలవు ఇవ్వాల్సింది ఈయన. అడిగినప్పుడల్లా "చూద్దాంలేవయ్యా, ముందు గురువారం ఫిషింగ్‌కి రా" అనేవాడు. రోలా పేటలో నా గదిలో కాళ్లు చాపుకుని పడుకోవలసిన గురువారం సాయంత్రాలు, సముద్రపు ఒడ్డున షార్జా కార్నిష్‌లో చచ్చినట్టు ఆయన సామాను మోశాను.

ఏం సామాను! మంచు మీద బొక్క కాళ్ల ముందే ఉంటుంది కాబట్టి అక్కడి గాలం కర్ర మూరెడే ఉంటుంది. ఈయన దాన్నే విమానంలో తెచ్చుకున్నాడు. గట్టు మీద నుంచి వేస్తే ఆ దారం కింద రాళ్లు దాటేది కాదు. ఎరగా గులాబీ రంగు రబ్బరు పురుగు. చుట్టూ అందరూ పిండి ముద్దలు గుచ్చి చేపలు లాగుతుంటే, ఈయన బకెట్ మీద కూర్చుని, నీళ్లలోకి టార్చి పట్టుకొమ్మని నన్ను నిలబెట్టేవాడు. పక్కన ఐస్ బాక్సు నిండా ఐస్. అందులో పెప్సీలు తప్ప ఏవీ చల్లబడిన పాపాన పోలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇక్కడి చేపలకు డిసిప్లిన్ లేదనేవాడు.

ఒక గురువారం నాకు ఒళ్లు మండింది. నేను కొనుక్కున్న పొడుగాటి గాలానికి ఖుబ్బూస్ రొట్టె ముక్క నలిపి గుచ్చి, దూరంగా విసిరి, కర్ర ఆయన చేతికిచ్చాను. కాసేపటికే దారం బిగుసుకుంది. ఆయన అరుస్తూ లాగితే, జానెడు చేప గట్టు మీదికొచ్చి కొట్టుకుంది. మనిషి చిన్నపిల్లాడైపోయాడు.

"నీ లీవ్ ఓకేనయ్యా! ఎల్లుండే వెళ్లిపో!"

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆయన కాళ్లు మొక్కేవాణ్ణి.

పక్కన గాలం వేస్తున్న ముసలి అరబ్బు చేపను చూసి "సాఫీ! సాఫీ!" అని కేకేశాడు. ఆ వెనక అరబీలో ఇంకేదో అంటూ చేతులూపాడు. మా ముదీర్‌కు అర్థమైంది ఒక్క ముక్కే.

"విన్నావా, సాఫీగా ఉంటుందట. ముళ్లుండవన్నమాట. ఫోటో తియ్యి" అని చేపను గుప్పిట్లో గట్టిగా పట్టుకున్నాడు.

సాఫీ అన్నది ఆ చేప పేరు. వీపు మీద వరసగా విషపు ముళ్లు. ఆయన పెట్టిన కేకకు కార్నిష్ మీద నడుస్తున్నవాళ్లంతా ఆగిపోయారు. ముసలాయన ఈసారి హిందీలో "గరం పానీ, గరం పానీ" అన్నాడు.

"సార్, ఏడినీళ్లల్ల పెట్టాలంటున్నడు. కెఫెటేరియాకు పోదాం పాండ్రి" అన్నాను.

"నాకు చెప్పొస్తావేంటయ్యా? చేప కుడితే ఐసే" అని చెయ్యి తీసుకెళ్లి ఐస్ బాక్సులో దూర్చాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నొప్పి పెరిగి ఏడుస్తున్నా తియ్యడే! చివరికి నేనే ఈడ్చుకెళ్లి, కెఫెటేరియాలో వేడినీళ్లు అడిగి చెయ్యి ముంచితే గానీ తగ్గలేదు. తిరిగొస్తూ కార్లో "చూశావా, ఐస్ ఇప్పటికి పనిచేసింది" అన్నాడు. అంత తెలివితక్కువ మనిషిని నేను మళ్లీ చూడలేదు.

శనివారం పెట్టె సర్దుకుని, సెలవు కాగితం మీద సంతకం కోసం ఆఫీసుకెళ్లాను. ఆయన కట్టు కట్టిన కుడిచెయ్యి ఎత్తి చూపించాడు.

"దీంతో సంతకమేం పెట్టను, టైపేం చెయ్యను? చెయ్యి తగ్గేదాకా నువ్వే చూసుకోవాలి. కాన్పుదేముందయ్యా, నువ్వెళ్లి చేసేదేముంది?"

ఆయన ఈమెయిళ్లన్నీ చెబుతుంటే నేను టైపు చేశాను. అందులో ఒకటి కెనడా స్నేహితులకు. సాఫీ మూరెడు పొడుగైంది. ఐస్ ఆయన ప్రాణం కాపాడింది. ఆ మాట దగ్గరే నా ఫోన్ మోగింది. మా అత్త.

"ఆడిపిల్ల పుట్టింది బిడ్డా. ఇద్దరు మంచిగున్నరు. ఇగో, ఇను" అని ఫోన్ పసిదాని దగ్గర పెట్టింది.

"సార్, బిడ్డ పుట్టింది" అన్నాను.

"కంగ్రాట్స్" అన్నాడు స్క్రీన్ మీద నుంచి చూపు తిప్పకుండానే. "ఆ వాక్యం పూర్తి చేసి సెండ్ కొట్టు."

చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, నా కూతురి మొదటి ఏడుపు వింటూ పూర్తి చేశాను.