దుప్పటి కింద మగ్గం

నా రక్తం శుభ్రపడిందండీ! మూలుగలో కూడా చెడ్డ కణాలు కనిపించలేదని నిన్న పొద్దున డాక్టరమ్మ చెప్పింది. నా సంతోషానికి తిరుపతి ఊరంతా చాలలేదు. ఆసుపత్రి మెట్ల మీద నిలబడే, అందరికన్నా ముందు నగరికి ఫోన్ చేశాను, నా పక్క మంచం నేతాయనకు. ఆయన భార్య ఎత్తింది.

"ఆయన పోయినాడన్నా. మళ్లీ జ్వరమొచ్చింది, ఈసారి తగ్గలేదు."

ఇద్దరిదీ ఒకటే జబ్బు, రక్త క్యాన్సరు. ఈ వయసులో గట్టి మందు తట్టుకోలేరని నెలనెలా పొట్టకు సూదులు, మాత్రలు ఇచ్చారు. వాటికే ఒంట్లో బలం పడిపోతే, ఏ చిన్న జ్వరమైనా ప్రాణం మీదికొస్తుందని ఒకే గదిలో పెట్టి తలుపు మూశారు. తెరవని కిటికీ. ఎప్పుడూ ముక్కుకు మాస్కు. నా కూతురు అద్దం అవతల నిలబడి చెయ్యి ఊపితే, జైల్లో ఉన్నవాణ్ణి చూడవచ్చినట్టుండేది.

ఒకసారి ఆ పిల్ల కొండ నుంచి తీర్థం తెచ్చి పంపింది. తాగబోతుంటే నేతాయన కేకేశాడు.

"అప్పా! కండ్లకద్దుకో చాలు. పచ్చి నీళ్లు తాగితే నేరుగా స్వామి దగ్గరికే పోతావు!"

ఆ గదిలో అంత నవ్వు అదే మొదలు.

ఆయన కాళ్లు ఊరకుండేవి కావు. దుప్పటి కింద ఒకటి తర్వాత ఒకటి, మగ్గం తొక్కుతున్నట్టే కదిలేవి.

"యాడికప్పా నడుస్తాండావు?" అంటే, "ఇంటికాడ సగంలో ఆపొచ్చిన చీర ఉండాది. ఈడ నేస్తాండా" అనేవాడు.

ఒకరోజు నాకు ఊపిరాడలేదు. సూదులొద్దు, చస్తే ఇంట్లోనే చస్తానని లేచి చొక్కా తొడుక్కున్నాను. ఆయన కాళ్లు ఆగిపోయాయి.

"సగం నేసిన చీరను ఎవురన్నా మగ్గం మీంచి కోసేస్తారా? పండుకో అప్పా."

పండుకున్నాను. దుప్పటి మళ్లీ కదిలింది. ఈరోజు నేనున్నానంటే ఆ మాట వల్లే.

ఫోన్లో ఆమె అడిగింది, "నీకెట్లుండాదన్నా? పోయేదాకా నీ సంగతే అడుగుతాండె." వచ్చి చెప్తానమ్మా అన్నాను. "రా అన్నా. ఆ చీర అట్లే ఉండాది."

ఇక చెప్పాల్సినవాళ్లు: పూతలపట్టులో తమ్ముడు, చిత్తూరులో పెద్దవదిన, వియ్యంకుడు, మేనల్లుడు. వీళ్లకు ఫోన్ చాలు. నగరి చెల్లెమ్మకు మాత్రం ఆ మగ్గం పక్కన కూర్చుని చెప్పాలి.