నల్లదాని ఉపవాసం

మా సందులో తొమ్మిది ఇళ్ళున్నాయి. వాటిలో ఏడిళ్ళ తిండి తిని బతికే కుక్క ఒకటి ఉండేది. ఒళ్ళంతా నలుపు, ఒక్క తెల్ల వెంట్రుక కూడా లేదు. అందరం నల్లది అనే పిలిచేవాళ్ళం. సైనిక్‌పురి దాటి కాప్రా వైపు వెళ్ళే దారిలో ఉంటుంది మా సందు. చివరి రెండు గదుల ఇల్లు మాది. నేను చుట్టుపక్కల ఇళ్ళలో వంట చేస్తాను. నా భర్త లారీ నడిపేవాడు, ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో ఇంట్లోనే ఉంటున్నాడు.

నల్లది రెండుసార్లు ఈనింది. రెండోసారి వానల్లో కాలువ పక్కన ఆరు పిల్లల్ని పెట్టింది. నాలుగు నీళ్ళలో పోయాయి, రెండు కార్ల కింద పడ్డాయి. చివరిదాన్ని తీసి పాతిపెట్టింది నేనే. పిల్లలున్నన్నాళ్ళు నల్లది కనబడిన ప్రతి బైకు వెంటా పడింది. ఒక పెద్దాయన భయపడి బండి మీద నుంచి పడితే మోచేయి చెక్కుకుపోయింది. ఆ నెల కాలనీ సంఘం మీటింగులో కుక్క మాట వచ్చింది.

"తీస్కపోయి యాడన్న దూరం ఇడిసిపెడ్దాం" అన్నారు ఎవరో.

అలా వదిలిపెట్టకూడదని చట్టం ఉందని టీచరమ్మ చెప్పింది. ఆవిడది మా ఎదురిల్లు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడి చర్చి బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. యాభై దాటిన తరువాత నాకు అక్షరాలు నేర్పింది ఆవిడే. ఆవిడ చెప్పిన చట్టాన్ని ఎవరూ పట్టించుకోలేదు. సంఘం సెక్రటరీ సార్ మిలిటరీలో చేసి వచ్చిన మనిషి. ఆయన నా వైపు చూసి అన్నాడు:

"ఓ పని చెయ్యమ్మా. దానికి ఆపరేషన్ చేయించు, చెవికి గుర్తు పెట్టించు. వచ్చే నెల మీటింగు దాక టైమిస్తున్న. ఆపరేషనైన కుక్కను ఎవరు తోలుతరో నేను చూస్త. కాలేదనుకో, ఇగ నన్నడగొద్దు."

ఆపరేషన్ అయిన వీధికుక్కకు ఎడమ చెవి కొసన చిన్న ముక్క కత్తిరిస్తారు, దూరం నుంచే తెలియడానికి. ఆ ముక్క మీటింగులోగా తెగితే నల్లది సందులో ఉంటుంది. లేకపోతే కుక్కల్ని పట్టే వ్యాన్ ఎక్కి ఎక్కడికో పోతుంది.

జంతువుల ఆసుపత్రికి ఆటోలో తీసుకుపోయాను. డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. బరువు తూచింది, రక్తం తీసింది, పిచ్చికుక్క వ్యాధి రాకుండా సూది వేసింది, కడుపులో పురుగులకు మాత్ర ఇచ్చింది. పాలు పూర్తిగా ఇంకిపోనీ అని మూడు వారాల తరువాత రోజు రాసింది. అది శనివారం. కాలనీ మీటింగు ఆ మర్నాడే, ఆదివారం. ఇంకొంచెం ముందు ఇవ్వమని అడిగితే ఖాళీ లేదంది.

"శుక్రవారం రాత్రి తొమ్మిది తర్వాత ఏమీ పెట్టొద్దు. పొద్దున లేవగానే నీళ్ళు కూడా తీసేయండి. కడుపులో తిండి ఉంటే మత్తులో కక్కుతుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే కుక్క మనకు దక్కదు" అని రెండుసార్లు చెప్పింది.

ఇంట్లో పెంచే కుక్కయితే గిన్నె దాచిపెడితే సరిపోతుంది. ఏడిళ్ళ కుక్కను పస్తు పెట్టాలంటే ఏడిళ్ళకూ చెప్పాలి. శుక్రవారం సాయంత్రం గడపగడపకూ తిరిగాను.

"పెరుగన్నం సుత వద్దా? పాపం గదక్కా" అంది ఒకామె.

పక్కింటామె నవ్వింది. "మా అత్తమ్మకు రేపు ఉపాసమే. ఇద్దర్ని ఒక్కతాన కూసోవెడ్దాం తియ్యి."

లోపలి నుంచి అత్తమ్మ అరిచింది: "నన్ను కుక్కతోని జత కడ్తున్నవా? నాకినబడ్తలేదనుకున్నవా?"

ఏడిళ్ళూ సరేనన్నాయి. నల్లదాన్ని మా గేటు లోపల కట్టేశాను. అది చాలదనిపించి, ఒక అట్టపెట్టె మూత చింపి పెద్ద అక్షరాలతో రాశాను: ఈ కుక్కకు రేపు ఆపరేషన్. ఏమీ పెట్టవద్దు. దాన్ని గేటుకు తాడుతో కట్టి, రోడ్డు మీదికి వెళ్ళి నిలబడి చూసుకున్నాను. కనబడుతోంది. రాసి పెట్టిన దాన్ని లోకమంతా ఆగి చదువుతుందని అప్పట్లో నాకు గట్టి నమ్మకం. నేను మాత్రం బస్సు మీది పేర్ల నుంచి మందు చీటీల దాకా ఏదీ వదలకుండా చదివేదాన్ని.

శనివారం పొద్దున నేను వెనకాల మొహం కడుక్కుంటుంటే ముందు స్కూటర్ ఆగిన చప్పుడైంది. నేను వచ్చేసరికి ఒకాయన గేటు కమ్మీల్లోంచి చెయ్యి తీసుకుంటున్నాడు. నల్లది మూతి నాక్కుంటోంది. దాని మూతి నూనెతో మెరుస్తోంది.

"ఏందన్నా, ఏం పెట్టినవ్ దానికి?"

"రొట్టెలమ్మా. రెండే. నువ్వుల నూనె రాసి తెచ్చిన, శనివారం గదా."

"గేటుకు అట్ట కట్టిన. సూడలే?"

"సూసిన. టూలెట్ బోర్డనుకున్న."

లోపల మంచం మీద నా భర్త పడీ పడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ స్కూటరాయనకు సికింద్రాబాద్ బజారులో బట్టల దుకాణం ఉందట. శని పట్టిందని, పదకొండు శనివారాలు నల్లకుక్కకు నూనె రొట్టె పెట్టమని పంతులు చెప్పాడట. ఇది ఐదోది. శనివారాలు ఆ వేళకు నేను పనిలో ఉంటాను కాబట్టి ఆయన్ను ఎప్పుడూ చూడలేదు. నల్లదానికి బజారులో ఎనిమిదో ఇల్లుందని, దానికి కూడా చెప్పవలసి ఉందని నాకు తెలియలేదు. విషయం చెబితే పాపం ఆయనా పరేషాన్ అయ్యాడు. "తిన్నదాన్ని ఎట్ల తీస్తమమ్మా ఇప్పుడు" అన్నాడు.

ఆటో వచ్చి నిలబడింది. నా భర్త నవ్వడం ఆపి అన్నాడు: "రెండు రొట్టెలే గదనే. గమ్మున తీస్కపో. డాక్టరుకెట్ల తెలుస్తది? ఇయ్యాల కాలేదంటే రేపు మీటింగుల ఏం జెప్తవ్?"

టీచరమ్మ తోడు వచ్చింది. ఆటో ఆసుపత్రి దగ్గరికి వచ్చాక అంది: "అడిగితే చెబుదువుగాని. అడక్కపోతే మనంతట మనం ఎందుకు చెప్పడం?" జీవితమంతా పిల్లలకు అబద్ధం ఆడవద్దని చెప్పిన మనిషి. ఆవిడకు కూడా నల్లది అంటే అంత ఇష్టం.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నల్లది చిగుళ్ళు చూసి, గుండె మీద గొట్టం పెట్టి, తల ఎత్తకుండానే అడిగింది: "రాత్రి నుంచి ఏమీ తినలేదు కదా?"

నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు, రెండో బిడ్డ తరువాత, పిల్లలు కాకుండా ఆపరేషన్‌కు పోయాను. ఒక బడిలో బెంచీలు పక్కకు నెట్టి క్యాంపు పెట్టారు. బయల్దేరే ముందు మా అత్త నాకు చెంబెడు జొన్న గంజి తాగించింది. "కాళీ కడుపుతోని పోతె సోయి తప్పుతవ్" అంది. అక్కడ నర్సు నన్ను ఇదే మాట అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా అత్త "ఏం తినలే అమ్మా" అంది. తిన్నదంటే వెనక్కి పంపుతారని ఎవరో ఆమెకు చెప్పారు. నేను వేలిముద్ర వేశాను. బల్ల మీద సగం మత్తులో ఉండగా గంజి పైకి వచ్చింది. ముక్కులోకి, ఊపిరిలోకి వెళ్ళింది. ఎవరో నా తల పక్కకు తిప్పి వీపు మీద కొట్టడం గుర్తుంది. తరువాత రెండు వారాలు దగ్గాను. దగ్గినప్పుడల్లా కుట్లు లాగేవి. మా అత్త చెడ్డది కాదు. ఆ రెండు వారాలు నా బిడ్డలనిద్దరినీ ఆమే చూసింది.

"తిన్నదమ్మా" అన్నాను. "పొద్దున ఆరున్నరకు రెండు నూనె రొట్టెలు తిన్నది."

డాక్టరమ్మ గొట్టం తీసి బల్ల మీద పెట్టింది. మెచ్చుకోలేదు. "ముందే ఫోన్ చేయొచ్చు కదా? ఈ టైం ఇంకొకరికి ఇచ్చేదాన్ని" అంది. నిజమే, నాకు తట్టలేదు. బుధవారం రమ్మని చీటీ మీద రాసింది. అదే ఆటోలో వెనక్కి వచ్చాం. నల్లదానికి బండి పడక దారిలో టీచరమ్మ చీర మీద రొట్టెలు కక్కింది. ఆవిడ చీర చూసుకుని, "ఇది బల్ల మీద అయ్యుంటే?" అంది. కొంగుతో నల్లదాని మూతి తుడిచింది.

ఆదివారం మీటింగులో లేచి నిలబడి, ఆపరేషన్ కాలేదని చెప్పాను. ఎందుకు కాలేదో కూడా చెప్పాను. శనిదేవుడి మాట దగ్గర అందరూ నవ్వారు. వెనక నుంచి ఒకరు "ఇట్లనే నెలకో కత జెప్తది" అన్నారు. బుధవారం తారీఖు వేసిన చీటీ సెక్రటరీ సార్ చేతికిచ్చాను. ఆయన అద్దాలు పెట్టుకుని చదివాడు.

"బుధవారం సాయంత్రం చెవి చూపియ్యాలె. నేనే వస్త మీ ఇంటికి. లేకుంటే గురువారమంటే గురువారం వ్యాను పిలుస్త."

ఈసారి అట్ట రాయలేదు. మంగళవారం సాయంత్రం నల్లదాన్ని బాత్‌రూములో పెట్టి గొళ్ళెం వేశాను. అది గోళ్ళతో తలుపు గీకింది, ఏడ్చింది. ఏడిళ్ళ నుంచీ వచ్చి ఏమైందని అడిగారు.

"నేనేడ స్నానం చెయ్యాలె?" అన్నాడు నా భర్త.

"ఒక్కరోజు చెయ్యకుంటే చస్తవా?"

"నాకు మోకాళ్ళ ఆపరేషనైతె గింత ఆలోచన చేస్తవా అని అడుగుతున్న."

"నువ్వు గూడ తొమ్మిది తర్వాత తినకుండ ఉండు, చేయిస్త."

బుధవారం ఆపరేషన్ అయింది. మధ్యాహ్నం ఇచ్చేటప్పటికి నల్లది కళ్ళు తెరిచే ఉంది కానీ మమ్మల్ని గుర్తుపట్టలేదు. ఒళ్ళు చల్లగా ఉంది. ఇంట్లో నేల మీద గోనెసంచి, దాని మీద పాత దుప్పటి పరిచి పడుకోబెట్టాం. పూర్తిగా లేచి నిలబడేదాకా నీళ్ళు పోయవద్దన్నారు. అది గిన్నె కోసం వెతుకుతుంటే చూడలేక బయట కూర్చున్నాను. సాయంత్రం రెండు గుక్కలు పోశాను, తరువాత గుప్పెడు అన్నం. సెక్రటరీ సార్ చెప్పిన వేళకు వచ్చాడు. గుమ్మంలో వంగి చెవి చూశాడు, దుప్పటి ఎత్తి పొట్ట మీద కుట్లు కూడా చూశాడు. "ఠీకుంది" అని వెళ్ళిపోయాడు.

నాకకుండా మెడకు పెట్టమని ప్లాస్టిక్ చట్రం ఇచ్చారు. అది తగిలించగానే నల్లది గోడకు గుద్దుకుంది, తలుపుకు గుద్దుకుంది, తరువాత కదలకుండా నిలబడిపోయింది. దాన్ని తీసేసి నా భర్త బనియను నల్లదాని ముందుకాళ్ళకు తొడిగి, నడుము మీద ముడి వేశాను. పక్కింటి అత్తమ్మ పసుపు తెచ్చింది.

"కుట్లకు పసుపు పెట్టకుండ ఎట్లనే? మనకు పెట్టలేదా?"

నా చెయ్యి కూడా పసుపు వైపే పోయింది. కానీ కుట్ల మీద ఏమీ రాయవద్దని, పది రోజులు తడి తగలనివ్వవద్దని చీటీలో ఉంది. అత్తమ్మకు చదివి వినిపించాను. ఆమె నమ్మలేదు. పసుపు మాత్రం నా కూరలోకి వచ్చింది.

శనివారం స్కూటరాయన మళ్ళీ వచ్చాడు. గేటు బయటే నిలబడి పిలిచాడు. మాత్రలు వేసుకుంటున్న కడుపు, నూనె వద్దన్నాను.

"నూనె లేకుంటే శనికి లెక్క గాదమ్మా."

"వేరే నల్లకుక్క లేదా ఊళ్ళె?"

"కాప్రా చెరువు కాడ ఉన్నదొకటి. గని ఛాతీ తెల్లగున్నది దానికి. పంతులు ఒప్పుకుంటడో లేదో." ఫోన్ తీసి అక్కడే పంతులును అడిగాడు. ఒప్పుకున్నాడు కాబోలు, స్కూటర్ తిప్పుకుని వెళ్ళాడు.

మాత్రలను ఇడ్లీ ముక్కలో పెట్టి ఇచ్చాను. మూడోరోజుకు ఇడ్లీ తిని మాత్ర ఉమ్మడం నేర్చుకుంది. అప్పటి నుంచి నోరు తెరిచి నాలుక వెనక వేసి గొంతు నిమరవలసి వచ్చింది. ఐదోరోజు ఒక కుట్టు దగ్గర ఎర్రగా ఉబ్బితే ఆసుపత్రికి ఫోన్ చేశాను. బనియను జరిగి నాకి ఉంటుందన్నారు. ఇంకొక బనియను పోయింది. పదోరోజు కుట్లు తీశారు.

ఇంటికి తెచ్చి తాడు విప్పి గేటు తెరిచాను. నల్లది నా మొహం చూడకుండా బయటికి నడిచి, ఎదురుగా టీచరమ్మ మెట్ల మీద పడుకుంది. అప్పటి నుంచి అక్కడే ఉంటోంది. మా గేటు లోపలికి రాదు. తాడు, బాత్‌రూము, మాత్రలు, అన్నీ నా చేతుల మీద జరిగాయి మరి. అన్నం పెడితే నేను లోపలికి పోయేదాకా ఆగి తింటుంది.

"అంత చేసి దానికి దుష్మన్‌వైనవ్" అంటాడు నా భర్త.

అయితే కానీ అనుకున్నాను. సందులో ఉండాలని కోరుకున్నాను కానీ మా ఇంట్లో ఉండాలని కాదు. చిత్త కార్తెలో మగకుక్కలు గుంపుగా మా సందులోకి వచ్చాయి. నల్లది లేచి నిలబడి చూసింది. అవి దాని చుట్టూ వాసన చూసి, పక్క సందులోకి వెళ్ళిపోయాయి. అది మళ్ళీ మెట్టు మీద పడుకుంది. నేను వంటకు వెళ్ళే వేళైంది, వెళ్ళాను.