అనిత వేసిన తాళం

అనితకు ఫొటోలంటే ఒళ్లుమంట. ఖిల్లా ఘణపూర్‌లో మెట్టచేను దున్నుకునే ఇంట్లో పుట్టి, నాలుగేళ్లప్పుడు తట్టమ్మ పోసి రెండు కళ్లూ పోగొట్టుకుని, ముప్పై ఆరేళ్లకు వనపర్తిలో ఒక ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటర్‌గా స్థిరపడిన మనిషి ఆమె. ఫొటోల మీద అంత కోపం ఎందుకో చెప్పాలి. పోటీ పరీక్షలకు చదివే చూపులేని వాళ్లు వాట్సాప్ గ్రూపుల్లో చేరితే అక్కడ నోట్సంతా ఫొటోలే. అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఫోన్లో ఉంటుంది గానీ, ఫొటో దగ్గరికి రాగానే అది "చిత్రం" అని ఒక్క ముక్క పలికి ఊరుకుంటుంది. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా చిత్రం, చిత్రం, చిత్రం. ఇంక చదివేదేముంది, నా తలకాయ!

అందుకే మూడేళ్ల కింద ఆమె ఐఆర్‌సీని పట్టుకుంది. ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజుల నాటి ముచ్చట్ల పద్ధతి అది. అందులో అక్షరం తప్ప ఇంకోటి కనబడదు. ఫొటో పెడదామని ఎంత ఉబలాటపడ్డా కుదరదు. సర్వర్ ఒకటి అద్దెకు తీసుకుని, అడిగినవాళ్లనూ అడగనివాళ్లనూ విసిగించి, తనే పని నేర్చుకుని, చూపులేని వాళ్ల కోసం 'చదువుగది' తెరిచింది. ఆ గది వాకిట్లో సర్వీసులు అనే ప్రోగ్రాములు కాపలా ఉంటాయి. ఏ పేరు ఎవరిదో గుర్తుపెట్టుకోవడం, అల్లరి చేసేవాళ్లను బయటికి పంపడం వాటి పని. ప్రతి ఆదివారం పదింటికి అనిత ప్రశ్నలు వేస్తుంది. మూడు జిల్లాల నుంచి అరవై మంది జవాబులు కొడతారు. అలా చదివిన నలుగురు ఇప్పటికే కొలువుల్లో ఉన్నారు. ఇంకో రెండు వారాల్లో మళ్లీ పెద్ద పరీక్ష. ఆ నలుగురిని ఈసారి పది మందిని చేయాలని అనిత పంతం.

ఇంతలో తలనొప్పి ఒకటి వచ్చిపడింది. ఆరు వారాల కింద ఒక ఆదివారం గదిలోకి ఎనిమిది కొత్త పేర్లు ఒకేసారి దిగాయి. పేర్లా అవి? గద్వాల ఒకటి, గద్వాల రెండు, గద్వాల మూడు, అలా ఎనిమిది దాకా. ఎనిమిదీ ఒకే ఇంటర్నెట్ చిరునామా నుంచి. దిగీ దిగగానే ఎనిమిదీ ఒక్క క్షణంలో "నమస్కారం మేడం" అన్నాయి. ఎవడో పనిలేనివాడు దొంగపేర్లతో ఆటలాడుతున్నాడని అనితకు చిర్రెత్తుకొచ్చింది. మారుమాట అడగకుండా ఆ చిరునామా మొత్తానికీ తలుపు మూసేసింది.

అంతటితో ఊరుకుంటే అనిత ఎందుకవుతుంది? వాడు రేపు ఇంకో చిరునామాతో వస్తేనో? వెతికి వెతికి, సర్వీసులకు అదనంగా తగిలించే ఒక మాడ్యూల్‌ను సంపాదించింది. ఒక చిరునామా నుంచి ఇద్దరికి మించి రాకుండా ఆపుతుందది. మొన్నటి శనివారం దాన్ని తగిలించి హాయిగా పడుకుంది. తెల్లారి ఆదివారం అరవై మందిలో నలభై మందిని ఆ మాడ్యూల్ బయటికి నూకింది.

మొదటి ఫోన్ పెబ్బేరు నుంచి చెన్నయ్యది. గదిలో అందరికన్నా పెద్దవాడు, అనిత మాట జవదాటనివాడు. తానేం తప్పు చేశానని ఎల్లగొట్టావని చిన్నబుచ్చుకుని అడిగాడు. సంగతేమిటంటే, మొబైల్ కంపెనీలు వందల ఫోన్లను ఒకే చిరునామా మీద బయటికి పంపుతాయి. పెబ్బేరు చెన్నయ్యా, కొత్తకోటలో ఇంకొకరూ మాడ్యూల్‌కు ఒక్క మనిషే. పరీక్ష ముందర ఈ తంటా ఏమిటి, ఆ తాళం పీకి అవతల పారేయమని చెన్నయ్య బతిమాలాడు.

"తియ్య అన్నా," అంది అనిత. "తీస్తే ఆ దొంగోడు మల్ల జొరబడ్తడు. సరిజేస్త. వచ్చే ఐతారం లోపల సరిజేస్త."

వారమంతా ఆఫీసు నుంచి రావడం, ల్యాప్‌టాప్ ముందు కూర్చోవడం. సెట్టింగుల ఫైలును వరుస వరుసగా చెవితో వింటూ పోయింది. మొబైల్ కంపెనీల చిరునామాలను మినహాయింపుల పట్టీలో చేర్చింది. మాడ్యూల్ పట్టించుకోలేదు. ఇద్దరు అన్న చోట యాభై అని రాసింది. అయినా అది రెండు దగ్గరే మొండికేసింది. మాడ్యూల్ రాసినాయనకు మెయిల్ పెడితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆ డబ్బాతో కొట్లాట ఆపి జొన్నరొట్టె తినమని తల్లి బసవమ్మ రోజూ గొణిగింది. చేతిలో పెట్టిన రొట్టె చేతిలోనే చల్లారింది.

శనివారం మధ్యాహ్నం అనిత పట్టు మార్చింది. ఫైలును వదిలేసి, సర్వీసులు నిద్రలేచేటప్పుడు రాసుకునే లాగ్ అనే చిట్టాను మొదటి నుంచి విన్నది. అక్కడ దొరికింది గుట్టు. ఫైలులో పైన రాసిన మాడ్యూళ్లు ముందు లేస్తాయి, కింద రాసినవి తర్వాత. కొత్తది కదా అని ఆమె ఈ మాడ్యూల్‌ను అన్నింటికన్నా పైన రాసింది. లెక్కలూ మినహాయింపులూ చదివి అందించే మాడ్యూల్ ఎక్కడో అడుగున ఉంది. పైది ముందే లేచి, పట్టీ ఖాళీగా కనబడితే, తనకు పుట్టుకతో ఉన్న రెండు అంకెనే పట్టుకుని కూర్చుంది. ఇంతేనా! వారం రోజుల పాట్లు ఒక్క వరుసను పై నుంచి కిందికి దించితే తీరాయి.

కానీ పరీక్షించకుండా నమ్మే రకం కాదామె. తన ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టి, ల్యాప్‌టాప్‌నూ, తల్లి ఫోన్‌నూ, తన పాత ఫోన్‌నూ దానికి కలిపింది. మూడింటి నుంచి మూడు పేర్లతో గదిలోకి వెళ్లింది. మినహాయింపు లేనప్పుడు మూడోది బయటే ఉండిపోయింది. మినహాయింపు రాయగానే మూడూ లోపలికి వచ్చాయి. గెలిచానని అనిత చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లు సగంలోనే ఆగిపోయాయి. ఇల్లు ఒకటి, చిరునామా ఒకటి, పేర్లు మూడు. ఇందులో దొంగపేరు ఏదీ లేదు. మరి గద్వాలవి?

తను మూసేసిన చిరునామాకు సంబంధించిన లాగ్ తీసి విన్నది. ఆరు ఆదివారాలు, ప్రతి ఆదివారం పదికి ఇరవై నిమిషాల ముందు, ఒకటి నుంచి ఎనిమిది దాకా వరుసగా తలుపు తట్టిన గుర్తులు. మళ్లీ పదింటికి. మళ్లీ పదింపావుకు. అల్లరి చేసేవాడికి ఇంత ఓపిక ఎక్కడుంటుంది? అనిత ఆ చిరునామా మీద వేసిన అడ్డు తీసేసి, దాన్ని మినహాయింపుల్లో చేర్చింది. ఆ రాత్రి ఆమెకు కంటిమీద కునుకు లేదు.

ఆదివారం తొమ్మిదీ నలభైకి ఎనిమిది పేర్లూ వచ్చాయి. ఈసారి తలుపు తెరుచుకుంది. మీరెవరని అనిత అడిగింది. ఎనిమిదో నంబరు జవాబిచ్చింది. తన పేరు జోగులమ్మ. గద్వాలలో చూపులేని ఆడపిల్లల హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నారు ఎనిమిది మందీ, అందరూ ఈ పరీక్ష రాస్తున్నారు. హాస్టల్లో ఉన్నది ఒకటే వైఫై. గద్వాల ఒకటి, రెండు అన్నవి వాళ్ల రోల్ నంబర్లు. ఒకరు ముందూ ఒకరు వెనకా అయితే మర్యాద కాదని, ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టుకుని అందరూ ఒక్కసారే నమస్కారం పెట్టారట.

అనితకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నిలదొక్కుకుని, ఆరు వారాలు రానివ్వకపోతే ఎవరికైనా ఒక్క ఫోన్ చేయలేకపోయారా అని అడిగింది.

జోగులమ్మ కొట్టిన జవాబును ల్యాప్‌టాప్ తన ఎండుగొంతుతో చదివింది. "జాగ నిండిందనుకున్నం అక్కా. యాడికి వోయినా మాకు గదే జెప్తరు. ఎవరన్న లేచి బయటికి వోతే మాకు దొరుకుతదేమోనని వారం వారం తట్టినం."

అనిత ఏడ్చింది. దాచుకోలేదు, పక్కనే ఉన్న తల్లికి వినబడేటట్టే ఏడ్చింది. లోకమంతా చూపులేని వాళ్లను ఒక్క గంపలో వేసి తోసేస్తుందని జీవితమంతా తిట్టిపోసిన మనిషి, ఎనిమిది మంది ఆడపిల్లలను ఒక్క దొంగను చేసి గడప బయట నిలబెట్టింది. కళ్లు తుడుచుకుని, గదిలో అరవై మందికీ వినబడేటట్టు రాసింది. "ఈ ఎనిమిది మందిని నేను ఒక్కరనుకున్న. అడగకుండ తలుపేసిన. తప్పు నాదే."

అనిత అక్కడితో ఆగలేదు. పోయిన ఆరు ఆదివారాల ప్రశ్నలూ పరీక్ష లోపల ఎనిమిది మందికీ మళ్లీ వేస్తాననీ, రోజూ పొద్దున ఐదింటికి గది తెరుస్తాననీ చెప్పింది. ఐదింటికి హాస్టల్లో నెట్ ఉండదని, ఏడింటికి వస్తుందని జోగులమ్మ భయపడుతూ రాసింది. ఏడింటికైతే అనితకు ఆఫీసుకు తయారవడం కష్టం.

"ఏడింటికే తెరుస్త," అంది అనిత. "ముందుగాల మీ మీ పేర్లతోని రాయించుకోండ్రి. నంబర్లు నాకొద్దు."

ఒక్కొక్కరే పేరు చెప్పి రాయించుకునే సరికి పదీ ఇరవై అయింది. ఎప్పుడూ నిమిషం తప్పని గదిలో ఆరోజు మొదటి ప్రశ్న అప్పుడు పడింది. ఆలస్యమైందని అరవై మందిలో ఒక్కరూ అడగలేదు.